ఎవరు జాను, ఎవరు వైషు

కూతుళ్లు పుట్టారన్న కబురు అందినప్పుడు తిరుపతి నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో, ప్లాస్టిక్ బకెట్లు పోసే మిషన్ ముందు నిలబడి ఉన్నాడు. ఆ చప్పుడులో ఫోన్ సగమే వినపడుతోంది. "ఏంది? మల్లొక్కసారి జెప్పు!" అని అరిచాడు. అవతల బామ్మర్ది కనకరాజు ఇంకా గట్టిగా అరిచాడు.

"అక్క మంచిగుంది బావా! ఇద్దరూ ఆడపిల్లలే. అచ్చం ఒక్కతీరుగనే ఉన్నరు. ఎవలు పెద్దదో ఎవలు చిన్నదో నాకైతే సమజైతలేదు!"

కవలలని స్కానింగ్‌లో ముందే తెలుసు. ఆడపిల్లలని, ఒకే పోలికని అప్పుడే తెలిసింది. తిరుపతి సంతోషం పట్టలేక ఆ షిఫ్టులో అందరికీ మైసూర్‌పాక్ పంచాడు. "ఒక్కతీరుగ ఉన్నరంట" అని అడిగినవాళ్లకూ చెప్పాడు, అడగనివాళ్లకూ చెప్పాడు. అదేదో తన గొప్పే అయినట్టు.

తిరుపతిది జనగామ అవతల ఒక పల్లె. నలుగురు అన్నదమ్ముల్లో మూడోవాడు. తండ్రి మొగిలయ్యకు కొడుకుల పేర్లు ఎప్పుడూ కలగాపులగమే. తిరుపతిని పిలవాలంటే పెద్దవాడి పేరుతో మొదలుపెట్టి, రెండోవాడి మీదుగా వచ్చి, ఒక్కోసారి మధ్యలో ఎద్దు పేరు కూడా పలికి, ఆఖరికి తిరుపతి దగ్గర ఆగేవాడు. ఇంట్లో అందరూ నవ్వేవారు. తిరుపతీ వాళ్లతోపాటే నవ్వేవాడు. ఇంటర్ తప్పాక ఉప్పల్ వచ్చాడు. నాచారంలో దొరికిన పనల్లా చేసి, మిషన్ పని నేర్చుకుని నిలదొక్కుకున్నాడు. మేనమామ కూతురు త్రివేణిని చేసుకున్నాడు. చిలకానగర్‌లో ఒక మేడ మీద రేకుల గదిలో కాపురం పెట్టారు. మేడ కింద ఇంటి ఓనరు త్రిపురసుందరి గారు ఉండేవారు. రాజమండ్రి నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన టీచరమ్మ, ఇప్పుడు రిటైరయ్యారు. త్రివేణి ఉప్పల్‌లో ఒక బట్టల షాపులో బిల్లింగ్ కౌంటర్ చూసేది.

కాన్పు ఆలేరులో, త్రివేణి పుట్టింట్లో జరిగింది. పిల్లలు కాస్త ముందుగానే పుట్టారు, సన్నగా ఉన్నారు. అందుకని బాలింతనీ పసివాళ్లనీ అయిదు నెలలు కదలనివ్వలేదు అత్త సత్తమ్మ. తిరుపతి ఆదివారం ఆదివారం ఉప్పల్ రింగురోడ్డులో బస్సెక్కి వెళ్లి చూసి వచ్చేవాడు. ముందు పుట్టినదానికి జాహ్నవి అని, తర్వాత పుట్టినదానికి వైష్ణవి అని పేర్లు పెట్టారు. ఇంట్లో జాను, వైషు. జానుకు నల్ల మొలతాడు, వైషుకు ఎర్ర మొలతాడు కట్టింది సత్తమ్మ.

ఆ మొలతాళ్లే తిరుపతికి దిక్కయ్యాయి.

ఎంత చూసినా అతనికి ఇద్దరూ ఒక్కరిలాగే కనపడేవారు. అదే బుగ్గ, అదే చప్పిడి ముక్కు, నిద్రలో అదే మూతి విరుపు. వారం వారం కొత్తగా చూసినట్టే ఉండేది. అందుకని ఒక ఉపాయం పట్టాడు. వెళ్లగానే పిల్ల గౌను కాస్త పైకి లేపి, "ఏదీ నా బిడ్డ పొట్ట, ఏదీ బుజ్జి పొట్ట" అని గిలిగింత పెట్టేవాడు. మొలతాడు చూసుకునేవాడు. ఆ తర్వాతే పేరు పెట్టి పిలిచేవాడు. "బావకు బిడ్డల పొట్టలంటే ఎంత పానమో" అని త్రివేణి మురిసిపోయేది. ఆ మురిపెం చూశాక అతనికి నిజం చెప్పబుద్ధి కాలేదు. మేనమామ కనకరాజుకు తెలియకపోతే నవ్వులాట. కన్నతండ్రికే తెలియదంటే?

పిల్లలు నగరానికి వచ్చిన కొద్ది రోజులకే తిరుపతి పనిచేసే యూనిట్‌ను ఓనరు చాలా దూరం తరలించాడు. రోజూ వెళ్లి వచ్చే దూరం కాదు. అదే సమయానికి త్రివేణి సెలవులూ అయిపోయాయి. సత్తమ్మ వచ్చి ఉందామంటే మామ కాలు విరిగి మంచం మీద ఉన్నాడు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు. త్రివేణి కౌంటర్ కొలువు ఒకసారి వదిలితే మళ్లీ దొరకదు. మిషన్ పని మాత్రం నాచారంలో ఎప్పుడైనా దొరుకుతుంది.

"అత్తమ్మ వచ్చేదాక పోరిలను నేనే జూసుకుంట. నువ్వు డ్యూటీకి పో" అన్నాడు తిరుపతి.

"నీతోని అయితదా బావా?"

"ఏం, గంత పెద్ద మిషన్ నడిపిన. గీ రెండు మిషన్లు నడపలేనా?"

నిజంగానే నడిపాడు. పాలు కలపడం, ఉగ్గు ఉడికించడం, ఒకదాన్ని కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోస్తుంటే ఇంకొకదాన్ని పాటతో ఆపడం, అన్నీ వచ్చాయి. పాత దోస్తు బాలరాజు ఒకరోజు మెట్లెక్కి వచ్చి, దండెం నిండా ఆరేసిన గౌన్లు చూసి, "ఏం బావా, ఇగ ఉగ్గు తాపుడేనా డ్యూటీ?" అని నవ్వాడు. "అవును, డబల్ డ్యూటీ" అన్నాడు తిరుపతి. ఒక పిల్లను అతని చేతిలో పెట్టి, రెండో పిల్ల ముక్కు తుడిచాడు. బాలరాజు వెళ్లేదాకా ఆ పిల్లను దించలేదు.

అన్నీ వచ్చాయి, ఒక్కటి తప్ప. మొలతాడు చూడనిదే ఎవరు ఎవరో ఇప్పటికీ తెలియలేదు.

ఎండలు ముదిరాయి. రేకుల గది పొయ్యిలా మండేది. పిల్లలకు ఒళ్లంతా చెమటకాయలు పేలాయి. మొలతాడు ఒరుసుకున్నచోట ఎర్రగా కమిలింది. ఒక ఉదయం త్రివేణి నీళ్లు పోసి, రెండు మొలతాళ్లూ కత్తెరతో కత్తిరించి పక్కన పడేసింది.

తిరుపతి ఆ తాళ్లను గబుక్కున ఏరుకున్నాడు. "అయ్యో, గవెందుకు దీసినవ్?"

"ఒరుసుకపోతున్నయి గదా. ఇప్పుడు గవెందుకు, మొఖం జూస్తే ఎర్కైతది గదా" అంది త్రివేణి.

"గదే... మొఖం జూస్తే ఎర్కైతది" అన్నాడు తిరుపతి.

ఆ రోజు నుంచీ గౌన్ల రంగులు గుర్తుపెట్టుకోవడం మొదలుపెట్టాడు. త్రివేణి షాపుకు బయలుదేరే ముందు, "జానుకు ఇయ్యాల పసుపుపచ్చ గౌను మంచిగ గొడుతుంది" అనేవాడు. "గది వైషు బావా" అనేది త్రివేణి చెప్పులు వేసుకుంటూ. "నేననేది గదే, జానుకు గూడ గట్లాంటిదే కొందామని" అని సర్దుకునేవాడు. ఒకదానికి గౌను మార్చి, కొత్తది తొడిగి, మనసులో ఆ రంగును జపంలా తిప్పుకుని, ఆ తర్వాతే రెండోదాన్ని ముట్టుకునేవాడు. అబద్ధం ఎంత చిన్నదైనా దాన్ని రోజూ మేపాల్సిందే కదా.

వైషుకు జ్వరం వచ్చిన రోజు ఆ మేత అయిపోయింది.

పొద్దున త్రివేణి మందు తాగించి, "ఆకుపచ్చ గౌనుల ఉన్నది వైషు. మధ్యాహ్నం మల్ల జ్వరం జూసి ఇంతే పొయ్యి" అని కొలత గీత చూపించి వెళ్లింది. మధ్యాహ్నం కరెంటు పోయింది. ఆకుపచ్చ గౌనుది పాలు కక్కింది. అది తుడిచేలోగా రెండోది పాకుతూ వచ్చి ఆ కక్కులోనే పడింది. ఇద్దరి గౌన్లూ తీసి, ఇద్దరినీ తడిగుడ్డతో తుడిచి, చాప మీద పడుకోబెట్టాడు తిరుపతి. కింద గేటు దగ్గర నీళ్ల క్యాను వాడు కేకేస్తే వెళ్లి, క్యాను భుజాన పెట్టుకుని పైకి వచ్చాడు. ఇద్దరూ చాప మీద నుంచి దొర్లి తలుపు దగ్గర ఉన్నారు. ఇద్దరూ ఏడుస్తున్నారు. గౌన్లు లేవు.

నుదుళ్లు ముట్టుకుని చూశాడు. ఆ వేడిలో ఇద్దరివీ కాలుతున్నట్టే ఉన్నాయి. ఎక్కువ ఏడుస్తున్నది వైషే అయి ఉంటుందనుకుని దానికి మందు పోశాడు. అది గుటుక్కున మింగి, ఏడుపు ఆపి, హాయిగా చెంచా కోసం చేయి చాచింది. జ్వరంతో ఉన్న పిల్ల అట్లా చేస్తుందా? పక్కన రెండోది ఏడవను కూడా ఓపిక లేక మూలుగుతోంది. దాన్ని ఎత్తుకుంటే చొక్కాలోంచి నిప్పు తగిలినట్టయింది. దీనికే పోయాలి కాబోలు. కానీ ఆ కంగారులో అదీ ఇదీ కలిసిపోయాయి, మందు మింగింది ఇదే అయితే? ఇందాక మింగింది ఎటుపక్క ఉన్న పిల్ల? తిరుపతి మందు సీసా కింద పెట్టేశాడు. ఇద్దరినీ చెరో భుజాన వేసుకుని మెట్లు దిగాడు.

త్రిపురసుందరి గారు తలుపు తీసి అతని ముఖం చూసి కంగారుపడ్డారు. "ఏమైంది తిరుపతీ? ఎవరికి బాగోలేదు?"

"వైషుకమ్మా."

"ఇద్దరిలో వైషు ఎవరయ్యా?"

తిరుపతి ఒక భుజం మీది పిల్లను చూసి, రెండో భుజం మీది పిల్లను చూశాడు. ఆవిడ ఇంకేమీ అడగలేదు. చెప్పులు వేసుకుని, ఒక పిల్లను తను ఎత్తుకుని, ఆటోను ఆపి ఎక్కించారు. దారిలో త్రివేణికి ఆవిడే ఫోన్ చేశారు.

ఉప్పల్‌లో చిదంబరం డాక్టరు గారిది చిన్న క్లినిక్కు. ఆయన మందు సంగతి విని, ఇద్దరినీ పరీక్షించి, థర్మామీటర్ చూసి, నిదానంగా చెప్పారు. "దీనికి జ్వరం బాగా ఉంది. మందు పడినట్టు లేదు. ఇప్పుడు పోస్తాను, తగ్గిపోతుంది. రెండోదానికి జ్వరం లేకుండా ఒక్క మోతాదు పడింది, అంతే. ఇద్దరిదీ ఒకే బరువు కదా, ఏమీ కాదు. భయపడకండి." చీటీ ముందుకు లాక్కుని, "జ్వరం ఉన్న పాప పేరు చెప్పండి" అన్నారు.

తిరుపతి పిల్ల ముఖంలోకి చూశాడు. పిల్ల అతని ముఖంలోకి చూసింది. పొద్దున జ్వరం వైషుకే కదా, ఆ పేరే చెప్పాలి. కానీ భయానికి బుర్ర మొద్దుబారింది. ఒకవేళ పొద్దుటి మందుకు వైషు జ్వరం తగ్గి, జానుకు అంటుకుని, ఇది జానేమో? "జాహ్నవి సార్" అన్నాడు.

సరిగ్గా అప్పుడే త్రివేణి మెడలో షాపు కార్డుతోనే పరుగెత్తుకొచ్చింది. వస్తూనే బల్ల మీది పిల్లను రెండు చేతులా తీసుకుని, "వైషూ... నా బంగారం, గింత కాలుతున్నవేందే" అని గుండెకు అదుముకుంది.

డాక్టరు గారి పెన్ను ఆగింది. "జాహ్నవా, వైష్ణవా?"

త్రివేణి మొగుడి వైపు చూసింది. తిరుపతి నేల చూశాడు.

ఇంటికి వచ్చేదాకా ఆమె వైషును ఎవరి చేతికీ ఇవ్వలేదు. జ్వరం దిగి వైషు పడుకుంది. పక్కనే జాను కూడా పడుకుంది. ఎండ తగ్గాక మొగుడూ పెళ్లాం బయట మేడ మీద, ట్యాంకు నీడలో కూర్చున్నారు.

"నాకు తెల్వదే త్రివేణీ" అన్నాడు తిరుపతి. "పుట్టిన కాన్నుంచీ తెల్వది. మొలతాడు జూసి పిలుస్తుంటి. తర్వాత గౌను జూసి పిలుస్తున్న."

త్రివేణి ముఖం ఎర్రబడింది. "గీన్ని నెలలు నాతోని నాటకమాడినవా? పిల్లకేమన్న అయితుండె! నాకొక్క మాట జెప్తే ఏం బోయింది నీది?"

"సిగ్గైంది, షరమైంది. మా బాపు నన్నెప్పుడూ ఒక్కసారి గూడ సక్కగ నా పేరుతోని పిలువలే. అందరూ నవ్విన్రు, నేను గూడ నవ్విన. నవ్వినగని..." దండెం మీది చిన్న గౌను ఒకటి తీసి మడతపెట్టాడు. "నా బిడ్డలకు గట్ల కావద్దనుకున్న. తీరా జూస్తే నేను గంతకన్న అధ్వానమైన."

త్రివేణి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆలేరుల మొదటి నెల నాకు గూడ తెల్వలే బావా" అంది. "ఒకదానికే రెండుమార్లు పాలిచ్చి, ఇంకోదాన్ని ఎండవెట్టిన. అది గుక్కవట్టి ఏడుస్తుంటే, పాలు తాగి గూడ ఎందుకేడుస్తుందని దాన్నే కసిరిన. అమ్మ జూసి అప్పుడు మొలతాళ్లు గట్టింది. నేను మస్తు ఏడ్చిన. నీకు జెప్పలే."

"నువ్వెందుకు జెప్పలే?"

"నాకు గూడ షరమే."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో తెలియదు.

"అయితే నేర్పు" అన్నాడు తిరుపతి.

అదే కుదరలేదు. త్రివేణి పిల్లలిద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి, "జూడు, ఇది జాను తీరుగుంది, ఇది వైషు తీరుగుంది" అనేది. ఇంకా ఏం చెప్పాలో ఆమెకూ తెలియదు. త్రిపురసుందరి గారు ఈ అవస్థ చూసి ఎర్ర నెయిల్ పాలిష్ సీసా తెచ్చి, వైషు కాలి బొటనవేలి గోరుకు పూసి వెళ్లారు. "నువ్వు నేర్చుకునేలోగా మళ్లీ మందులు తారుమారు కాకూడదు కదయ్యా" అన్నారు.

ఆ గోరు ఉన్నంతకాలం ప్రమాదం లేదు. కానీ మళ్లీ మొలతాడు బతుకు బతకడం తిరుపతికి ఇష్టం లేకపోయింది. పాత పంచె చింపి పిల్లల కాళ్ల మీద కప్పేవాడు. ముందు ముఖాలు చూసి పేరు అనుకునేవాడు. తర్వాత పంచె తొలగించి గోరు చూసేవాడు. మొదట్లో చాలాసార్లు తప్పింది. తప్పినప్పుడల్లా పిల్ల ముందు చెవులు పట్టుకుని గుంజీలు తీసేవాడు. ఇద్దరూ పకపకా నవ్వేవారు.

మెల్లగా కొన్ని కనపడసాగాయి. ఎత్తుకోగానే జాను రెండు అరచేతులూ అతని ఛాతీకి ఆనించి, వెనక్కి వాలి, ముందు ముఖం చూసేది. ఎవరు ఎత్తుకున్నారో తేల్చుకున్నాకే మెత్తబడేది. వైషు అయితే ఎవరని చూడదు, గడ్డం కింద తల దూర్చేస్తుంది. దొంగ తుమ్ము తుమ్మితే జాను విరగబడి నవ్వుతుంది. వైషు ఉలిక్కిపడి, పెదవి విరిచి, ఏడవాలా వద్దా అని అటూ ఇటూ చూస్తుంది. ఉగ్గు వద్దనుకుంటే జాను బుర్రున ఊదుతుంది. వైషు నోట్లోనే దాచుకుని, అతను అటు తిరిగాక మెల్లగా వదిలేస్తుంది.

దొరికిందనుకున్నాడు తిరుపతి. త్రివేణికి గొప్పగా చెప్పాడు. మరుసటి వారమే వైషు కూడా అరచేతులు ఆనించి వెనక్కి వాలడం మొదలుపెట్టింది. జాను ఉగ్గు దాచుకోవడం నేర్చింది. ఒకదాన్ని చూసి ఒకటి. నేర్చుకున్నదంతా గంగలో కలిసింది. ఆ పూట తిరుపతి నిజంగానే డీలాపడ్డాడు. "ఎక్కేటోడికి నిచ్చెన గుంజినట్టు చేస్తున్నరే" అని పిల్లలతోనే మొరపెట్టుకున్నాడు.

అయినా చేసే పని ఆగదు కదా. నీళ్లు పోయడం, ఉగ్గు పెట్టడం, జోకొట్టడం. గుర్తుల కోసం వెతకడం మానేసి ఊరికే వాళ్లతో ఉండిపోయాడు. మొదటి వానలు పడ్డాక ఒక మధ్యాహ్నం అతను మేడ మీద బట్టలు ఆరేస్తున్నాడు. గదిలోంచి సన్నగా మూలుగు వినపడింది. "వస్తున్న వైషూ, వస్తున్న, లేచినవా" అన్నాడు గౌను పిండుతూ.

అన్నాక చేతులు ఆగిపోయాయి. పిల్ల కంటికి కనపడనే లేదు. ఎవరో ఎట్లా అన్నాడు?

తడి చేతులతోనే లోపలికి పరుగెత్తాడు. ఒకటి పడుకునే ఉంది. ఒకటి లేచి కూర్చుని కళ్లు నులుముకుంటోంది. కాళ్ల మీద పంచె తొలగించకుండా దాని ముఖం చూశాడు. వైషు. ఇది వైషు కాక ఇంకెవరు? ఇన్నాళ్లూ జానులాగా ఎట్లా కనిపించింది అసలు? చేతులు చాచిన పిల్లను ఎత్తుకుని, అప్పుడు చూశాడు గోరు. ఎర్రగా ఉంది. సంతోషంలో దాన్ని గిరగిరా తిప్పితే వైషు హడలిపోయి ఏడుపందుకుంది. దాంతో జానూ లేచింది.

ఆ గోరు రంగు పోయాక మళ్లీ పూయలేదు. నెయిల్ పాలిష్ సీసా త్రిపురసుందరి గారికి తిరిగి ఇచ్చేశాడు. "మరీ ధీమా పనికిరాదయ్యా" అన్నారావిడ, తీసుకుంటూనే. అయినా ఆ సాయంత్రం పులిహోర చేసి పైకి పంపారు.

ఏడాది నిండకముందే పుట్టువెంట్రుకలు తీయించాలని సత్తమ్మ పట్టుబట్టింది. అందరూ కలిసి యాదగిరిగుట్టకు వెళ్లారు. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి తీయించాలి కనుక కనకరాజు కూడా వచ్చాడు, వస్తూ ఒకే రకం పసుపుపచ్చ పట్టుగౌన్లు రెండు తెచ్చాడు. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు అతని ఒళ్లో కూర్చుని గుట్టంతా వినపడేట్టు ఏడ్చారు. సత్తమ్మ ఇద్దరికీ నీళ్లు పోసి, నున్నటి గుండ్లకు గంధం రాసి, కొత్త గౌన్లు తొడిగింది. త్రివేణి ప్రసాదం లైనులోంచి వచ్చి, తల్లి చేతిలోంచి ఒక పిల్లను అందుకుని, "జానూ, నా గుండు బంగారం" అని ముద్దు పెట్టబోయి ఆగింది.

ఆ పిల్లను చూసింది. తల్లి సంకలోని పిల్లను చూసింది. మళ్లీ ఈ పిల్లను చూసింది.

"అమ్మా, జాను ఏదే?"

"నేనేడ జూసిన బిడ్డా, ఇద్దరి నెత్తులు కడుగుతాంటి" అంది సత్తమ్మ. ఆమెకూ అప్పుడే అనుమానం వచ్చింది. కనకరాజు నవ్వబోయి, అక్క కళ్లలో నీళ్లు చూసి ఊరుకున్నాడు.

"నాకు సమజైతలేదమ్మా" అంది త్రివేణి. "నా బిడ్డలు నాకే..."

తిరుపతి అప్పుడే చెప్పుల సంచి తీసుకుని వచ్చాడు. విషయం ఏమిటని అడిగే లోపే అతనికి అర్థమైంది. "నీ చేతుల ఉన్నది వైషు. అత్తమ్మ సంకల ఉన్నది జాను" అన్నాడు.

"నిజంగ? తప్పైతే?"

తిరుపతి ముక్కు పట్టుకుని, తల వెనక్కి విరిచి, పెద్దగా ఒక దొంగ తుమ్ము తుమ్మాడు. పక్కన గుండు చేయించుకుంటున్న పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. సత్తమ్మ సంకలోని పిల్ల ఏడుపు మరిచి కిలకిలా నవ్వింది. త్రివేణి చేతిలోని పిల్ల పెదవి విరిచి, తల్లి మెడను గట్టిగా పట్టుకుంది.

త్రివేణికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. బస్సులో తిరిగి వచ్చేటప్పుడు కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు ఆలోచించింది. "జానుకు ముంగటి జుట్టు కుడిదిక్కు పడుతుండె బావా. వైషుకు ఎడమదిక్కు. నేను గదే జూస్తున్ననేమో ఇన్నిరోజులు. నాకే ఎర్కలే" అంది.

"నాకు మొలతాడు, నీకు జుట్టు" అన్నాడు తిరుపతి. "ఫికర్ జెయ్యకు. జుట్టొచ్చేదాక నన్నడుగు."

ఆమె అతని భుజం మీద ఒక్కటి వేసింది. ఒళ్లో ఉన్న రెండు గుండ్లూ బస్సు కుదుపుకు ఒకదానికొకటి తగిలి, గంధం రాలింది.

మామ కాలు బాగుపడింది. సత్తమ్మ ఆయన్ని కూడా వెంటబెట్టుకుని చిలకానగర్ వచ్చేసింది. తిరుపతికి నాచారంలోనే, మందు సీసాల మూతలు చేసే యూనిట్‌లో పగటి డ్యూటీ దొరికింది. దొరికితే ఎగిరి గంతేస్తాననుకున్నాడు. తీరా ఆ రోజు వస్తే టిఫిన్ బాక్సు చేతిలో పట్టుకుని గడప దాటలేకపోయాడు.

జాను తలుపు పట్టుకుని నిలబడి, అందరినీ పంపినట్టే అతనికీ చెయ్యి ఊపింది. ఊపుతూ ఊపుతూ కూలబడి, మళ్లీ లేచి ఊపింది. వైషు అమ్మమ్మ భుజం మీద ముఖం పెట్టుకుంది. "వైషూ, నాన్న పోతుండు, టాటా జెప్పు" అని సత్తమ్మ ఎంత బతిమాలినా ఇటు తిరగలేదు. తిరుపతి సగం మెట్లు దిగి మళ్లీ పైకి వచ్చాడు. అప్పుడూ తిరగలేదు. చెవి దగ్గర ముద్దు పెడితే భుజం ఎగరేసి విదిలించింది.

"పో అయ్యా, ఆలస్యమైతది. పోరి అలుక గంతసేపే" అంది సత్తమ్మ.

గంతసేపే కాదని తిరుపతికి తెలుసు. జాను అయితే అలిగినా అతను మెట్లు దిగేలోగా మరిచిపోతుంది. వైషు సాయంత్రం దాకా కడుపులో పెట్టుకుంటుంది. బండి మీద ఉప్పల్ దాటి, లారీల మధ్య నుంచి నాచారం వైపు వెళ్తూ అతను అదే ఆలోచించాడు. ఇంటికి రాగానే దాన్ని ఎత్తుకోకూడదు. ఎత్తుకుంటే ఇంకా బిగుసుకుంటుంది. ఏమీ ఎరగనట్టు పక్కన వచ్చి కూర్చోవాలి. జానుతో ఆడాలి, కానీ మరీ ఎక్కువ ఆడకూడదు. కాసేపటికి అదే పాకుతూ వచ్చి చొక్కా గుండీ లాగుతుంది. అప్పుడు కూడా వెంటనే చూడకూడదు.

ఫ్యాక్టరీ గేటు ముందు బండి ఆపి, కొత్త సూపర్‌వైజరు అతని పేరు అడిగితే "తిరుపతి" అని చెప్పి లోపలికి నడిచాడు.